కోటగుమ్మం వీధి, పొద్దుటి మంచు: నీటిరంగుల ప్రాజెక్టు డైరీ

డిసెంబరు మూడో వారం

ఈ చలికాలానికి పెట్టుకున్న పని ఇది. రాజమండ్రిలో కోటగుమ్మం దగ్గర్నుంచి పుష్కరాల రేవు వైపు వెళ్ళే దారిలో ధనుర్మాసపు పొద్దుటి మంచు ఎలా ఉంటుందో అలా, నీటిరంగుల్లో, హాఫ్ షీటు మీద వెయ్యాలి. హాఫ్ షీటంటే 15 అంగుళాలు బై 22.

నీటిరంగుల్లో వీధులు నేర్పే వీడియోలు ఎన్ని చూసినా లండనో, వెనిసో, మెల్‌బోర్నో కనిపిస్తాయి. తడి రోడ్డు, గొడుగులు, దూరంగా ఒక గోపురం. చెయ్యి తిరగడానికి అవి బాగా పనికొస్తాయి, నేనూ వాటి మీదే సాధన చేశాను. కానీ మన వీధికి వచ్చేసరికి అక్కడ నేర్చుకున్నది సగమే అక్కరకొస్తుంది. కరెంటు తీగలు, కేబుల్ తీగల ఉండలు, పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీలు, పసుపు మూతి ఆటోలు, మూడంతస్తుల పక్కనే పెంకుటిల్లు. ఇవన్నీ తీసేసి వేస్తే అది మన వీధి కాదు. అన్నీ ఉంచితే కంటికి నిలవడానికి చోటుండదు. మంచు పట్టిన పొద్దున్న మాత్రం ఏది ఉంచాలో, ఏది వదలాలో వీధే తేల్చి పెడుతుంది. అందుకే ఈ వీధి, ఈ నెల, ఈ వేళ.

ఆదివారం, తెల్లవారుజామున

ఈ రోజుల్లో సూర్యుడు ఆరున్నరకి గానీ రాడు. ఆరు కాకముందే వెళ్ళి మూసి ఉన్న ఒక కొట్టు అరుగు మీద కూర్చున్నాను. రంగులు తీసుకెళ్ళలేదు. చిన్న పుస్తకం, 4బీ పెన్సిలు, అంతే. అంత మంచులో కాగితం తడిపితే ఆరదు, పైగా మొదట కావలసింది చూడ్డం.

చూసింది రాసుకున్నాను. కళ్ళ ముందు టీ బండి: దాని రేకు, గిన్నెలు, బల్బు స్పష్టం. పది గజాల్లో మెట్లున్న పాత ఇల్లు: తలుపు తెలుస్తోంది, తలుపు చెక్కడం తెలియడం లేదు. దాని తర్వాతి ఇళ్ళు వేర్వేరుగా లేవు, ఒకే బూడిద రంగు ముద్ద, పైన మాత్రం అంచు ఎగుడుదిగుడు. ఆ పైన ఏమీ లేదు. గోదావరి ఉండవలసిన చోట తెలుపు. గట్టు మీదికి నడిచి చూస్తే హేవ్‌లాక్ వంతెన మొదటి రెండు మూడు స్పాన్లే (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు) కనిపించాయి, మిగతాది లేనట్టే. 56 స్పాన్ల వంతెన అది, 1900లో రైళ్ళు మొదలై 1997లో ఆగిపోయాయి.

ఒక విషయం దగ్గర చాలాసేపు ఆగాను. దూరమంటే నీలం అని చిత్రకళలో అందరికీ మొదట్లోనే చెబుతారు. పాపికొండలు దూరం నుంచి నీలంగా ఉంటాయి గనుక అది నిజమే. కొండల విషయంలో మధ్యలో ఉన్నది గాలి. గాలి కణాలు మరీ చిన్నవి, నీలం వెలుగునే ఎక్కువగా చెదరగొడతాయి. మంచుది వేరే లెక్క. అందులో ఉండేవి నీటి తుంపరలు, వెలుగు తరంగం కంటే ఎన్నో రెట్లు పెద్దవి. అవి అన్ని రంగుల్నీ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. అందుకే మంచులో దూరం నీలం కాదు, తెలుపు. చుట్టూ ఏ వెలుగుంటే ఆ ఛాయ పులుముకున్న తెలుపు. టీ బండి బల్బు దగ్గర పసుపు, వీధి దీపం కింద పాలిపోయిన తెలుపు, సూర్యుడు వచ్చే వైపు లేత గోధుమ. ఇంత చూశాక కూడా దూరపు ఇళ్ళని కోబాల్ట్ నీలంతో పలచగా వేసేస్తే కొండ వేసినట్టుంటుంది తప్ప మంచు వేసినట్టుండదు.

టీ బండి ఆయన గ్లాసు ఇస్తూ పుస్తకంలోకి తొంగి చూశాడు.

"ఏటండీ, మా బండి కూడా ఏసేత్తన్నారా?"

"ముందు మీ బండేనండి, తర్వాతే వీధి."

"ఆయ్. మరి పైన ఈ వైర్లేటండీ, అయ్యి తీసేయండి, బొమ్మ పాడైపోద్ది."

తీగల సంగతి చివరిదాకా తేల్చకూడదని అప్పుడే అనుకున్నాను.

అదే వారం, ఇంట్లో

చేతి వేలంత చిత్రాలు, పెన్సిలుతో, మూడు ఛాయల్లోనే: తెలుపు, మధ్యరకం, ముదురు. నాలుగో ఛాయ లేదని ముందే గీత గీసుకున్నాను. వాటిలో నిలబడింది ఒకటి. అందులో టీ బండి కుడివైపు కిందికి ఉంటుంది, బొమ్మ మొత్తంలో నిజమైన ముదురు అక్కడ ఒక్కచోటే. ఎడమవైపు పాత ఇంటి గోడ మధ్యరకం. నడుమ రోడ్డు, దాని చివర ఖాళీ.

మనుషుల్ని ఎక్కడ పెట్టాలనేది కంటి మట్టపు గీతతో తేలిపోతుంది. నేల సమంగా ఉండి, మనం నిలబడి చూస్తున్నప్పుడు, మన ఎత్తున్న మనుషులందరి తలలూ ఆ గీత మీదే పడతాయి, దగ్గరున్నా దూరమున్నా. దూరమయ్యేకొద్దీ కాళ్ళు పైకి జరుగుతాయి, తలలు కదలవు. వంగి ముగ్గేస్తున్న ఆవిడ ఆ గీతకి బాగా కిందికి వస్తుంది, అందుకని గుంపులో ఆమె వెంటనే కంటపడుతుంది. అరుగు మీద కూర్చుని చూసిన స్కెచ్చులో ఈ గీత కిందికుంది. బొమ్మకి నిలబడి చూసిన మట్టమే తీసుకున్నాను.

హరిదాసుని పెట్టమని ఇంట్లో అందరూ అన్నారు. నెల ధనుర్మాసం, తల మీద అక్షయపాత్ర, చేతిలో చిడతలు, ఇంకేం కావాలి అని. బాగా ఆలోచించాను. పెడితే చూసేవాళ్ళ కన్ను ఆయన మీదే వాలుతుంది, బొమ్మ సంక్రాంతి గ్రీటింగు కార్డు అయిపోతుంది. నాకు కావలసింది వీధి. ఆయన బదులు పాల క్యాన్లు కట్టుకున్న మోటారు సైకిలు, మంచులోంచి వస్తూ, హెడ్‌లైటు వేసుకుని.

క్రిస్మస్ సెలవులు: కాగితం, రంగులు

కాగితం నూటికి నూరుపాళ్ళు నూలుది, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు), కోల్డ్ ప్రెస్, అంటే పైన కాస్త గరుకుగా ఉండేది. మంచుకి చెక్కగుజ్జు కాగితం పనికిరాదు. తడి దాని మీద నిలవదు, ఒకచోట ఆరి ఇంకోచోట మిగిలి మరకలు పడుతుంది. నూలు కాగితం నీటిని లోపలికి పీల్చుకుని పట్టి ఉంచుతుంది, తడి మీద పని చెయ్యడానికి వ్యవధి దొరుకుతుంది.

బీరువాలో ఉన్న పాత షీట్లలో ఒకదాన్ని తడపగానే చుక్కలు చుక్కలుగా ముదురు మచ్చలు తేలాయి. గోదావరి జిల్లాల తేమకి ఇది మామూలే. కాగితానికి పట్టించే జిలాటిన్ గంజి తేమకి చెడిపోతుంది, చెడినచోట రంగు బ్లాటింగు పేపరు మీద పడ్డట్టు ఇంకిపోతుంది. పొడిగా ఉన్నప్పుడు కంటికి కనిపించదు. అందుకని బొమ్మ గీయకముందే షీటు మూలన తడి కుంచె ఒకసారి లాగి చూడాలి. ఆ షీటుని పెన్సిలు పనికి మళ్ళించి కొత్తది తీశాను. కొత్తవాటిని ప్లాస్టిక్ కవరులో, రెండు సిలికా జెల్ పొట్లాలతో పెట్టాను.

రంగులు ఐదే: అల్ట్రామెరీన్, బర్న్ట్ సియన్నా, రా సియన్నా, కోబాల్ట్ నీలం, ఒక ఎరుపు. ట్యూబు మీద రంగు పేరు కంటే పిగ్మెంటు నంబరు, అంటే అందులో నిజంగా ఉన్న రంగుపొడి గుర్తు, చూడాలి. బర్న్ట్ సియన్నా అని అమ్మేవాటిలో కొన్ని పీబీఆర్ 7, కొన్ని పీఆర్ 101. రెండూ అల్ట్రామెరీన్‌తో కలిసి బూడిద రంగునే ఇస్తాయి గానీ రెండోది ఎర్రగా, ఘాటుగా ఉంటుంది. నేను పీబీఆర్ 7 తీసుకున్నాను.

అల్ట్రామెరీన్, పీబీ 29, గురించి కాస్త ఎక్కువే చెప్పాలనుంది. ఒకప్పుడు అఫ్గానిస్తాన్ గనుల్లో దొరికే లాపిస్ రాయిని నూరి తీసేవారు. 1820లలో ఫ్రాన్సులో దాన్ని కృత్రిమంగా తయారుచేయడం కనిపెట్టాక చౌకైంది. చౌకయ్యాక చాకలి నీలంగా మారి మన ఇళ్ళలోకీ వచ్చింది. బట్టలకి పెట్టే ఆ నీలం పొడినే సున్నంలో కలిపి గోడలకి కొట్టేవారు. సున్నపు క్షారానికి చెక్కుచెదరని రంగు అది. నా బొమ్మలో ఎడమవైపు పాత ఇంటి గోడ నీలం సున్నానిదే. అంటే గోడ మీదా, నా ట్యూబులోనూ ఉన్నది ఒకే జాతి రంగు. అందుకే ఆ గోడకి ఇంకో నీలం వాడబుద్ధి కాలేదు. పైగా అల్ట్రామెరీన్ గరుకు కాగితపు గుంటల్లో రేణువులుగా దిగి కూర్చుంటుంది. ఆరాక పెచ్చులూడిన సున్నం గోడ దానంతటదే కనిపిస్తుంది, కుంచెతో పెచ్చులు వెయ్యనక్కర్లేదు.

జనవరి మొదటి వారం: తడి ముక్కలు

షీటు మీదికి వెళ్ళకముందు చిన్న ముక్కల మీద పరీక్షలు. ఇక్కడ తెలుసుకోవలసింది రంగు కంటే తడి.

తడిపిన కాగితాన్ని పక్క నుంచి, కిటికీ వెలుగుకి ఏటవాలుగా చూస్తాను. మొదట నీళ్ళు అద్దంలా మెరుస్తాయి. అప్పుడు పెట్టిన రంగు ఎటో పారిపోతుంది, ఆకారం ఉండదు. ఆకాశానికీ, గోదావరి వైపు ఖాళీకీ అది సరైన వేళ. కాసేపటికి అద్దం పోయి పట్టుచీర మెరుపు మిగులుతుంది. దూరపు ఇళ్ళ ముద్దకి అదే అదను. కుంచె పెట్టినచోట ఆకారం నిలుస్తుంది, అంచు మాత్రం మెత్తగా కరుగుతుంది. ఆ మెరుపు కూడా పోయి కాగితం చల్లగా మాత్రమే ఉన్నప్పుడు చెయ్యి వెనక్కి తీసుకోవాలి. అప్పుడు నీళ్ళ కుంచె తగిలితే ఆ నీరు సగం ఆరిన రంగుని నెట్టుకుంటూ పోయి కాలీఫ్లవరు లాంటి మరక పెడుతుంది.

రంగు చిక్కదనం కూడా దీంతో జోడు కట్టాలి. ఆస్ట్రేలియాలో ఉండే నీటిరంగుల చిత్రకారుడు జోసెఫ్ జ్‌బుక్విచ్ చెప్పే వరస నాకు బాగా ఉపయోగపడింది: టీ, కాఫీ, పాలు, మీగడ, వెన్న. టీ అంత పలచన ఆకాశానికి, వెన్న అంత చిక్కన చివరి ముదురు గీతకి. గుర్తుంచుకోవలసిన సూత్రం ఒకటే: తడి కాగితం మీద పెట్టే కుంచెలో, కాగితం మీదున్న దానికంటే తక్కువ నీళ్ళుండాలి.

ఇక్కడ వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. మే నెలలో ఫ్యాను కింద పట్టుచీర మెరుపు నిమిషం కూడా నిలవదు. ఈ మంచు పొద్దుల్లో, కాగితాన్ని వెనకవైపు కూడా తడిపి ప్లాస్టిక్ పలక మీద పరిస్తే, తీరిగ్గా టీ తాగొచ్చి పని చెయ్యొచ్చు. మంచు బొమ్మని మంచు కాలంలోనే వెయ్యడానికి ఇది గట్టి కారణం.

అదే వారం: ముంచి తీయడం

ఒక చిక్కు మిగిలింది. తడి మీద తడిగా వేస్తే మంచు మెత్తదనం వస్తుంది గానీ పాత ఇళ్ళ కప్పుల వరస, పెంకుల వాలు, పిట్టగోడ మెట్లు అన్నీ పోతున్నాయి. ఆరిన కాగితం మీద వేస్తే అవి వస్తాయి, మంచు పోతుంది. రెండూ కావాలి.

దీనికి జవాబు మన దేశంలోనే ఉంది. 1903లో యొకొయామా తైకాన్, హిషిదా షున్సో అనే జపాను చిత్రకారులు కలకత్తా వచ్చారు. తైకాన్ వెడల్పాటి కుంచెతో బొమ్మని తడుపుతూ అంచులు కరిగించడం చూసి బెంగాలు చిత్రకారుడు అవనీంద్రనాథ్ ఠాగూరు ఇంకో అడుగు ముందుకేశారు. బొమ్మని ఏకంగా నీళ్ళలో ముంచి తీయడం మొదలుపెట్టారు. రంగు వెయ్యడం, ఆరనివ్వడం, ముంచడం, మళ్ళీ వెయ్యడం. అదే వాష్ పద్ధతి. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ చిత్రకళ నేర్పినప్పుడు బెంగాలు పద్ధతి మన వైపు వచ్చింది, అడివి బాపిరాజు ఆయన దగ్గరే నేర్చుకున్నారు. మా ఊరి దామెర్ల రామారావుది వేరే దారి. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూలుకి వెళ్ళి చదువుకున్నారు, 1925లో ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే మశూచితో పోయారు. ఆయన పేరు మీదున్న గ్యాలరీ మా ఊళ్ళోనే ఉంది. కుంచె పట్టే పిల్లలు రాజమండ్రి వస్తే రోజ్ మిల్కుకి వెళ్ళినంత శ్రద్ధగా అక్కడికీ వెళ్ళాలని నా కోరిక.

వాష్ పద్ధతి పౌరాణిక చిత్రాలకే అని చాలామంది వదిలేశారు. కోటగుమ్మం వీధికి అది ఎందుకు పనికిరాదు? ఒక ముక్క మీద ఇళ్ళ వరసని పొడి కాగితం మీదే, అంచులతో సహా, కావలసినదానికంటే కాస్త ముదురుగా వేశాను. ఒక రాత్రంతా ఆరనిచ్చాను. పొద్దున్న వెడల్పాటి ట్రేలో నీళ్ళు పోసి ముక్కని అందులో పడుకోబెట్టి, మెత్తటి, వెడల్పాటి హేక్ కుంచెతో ఒక్కసారి పైనుంచి కిందికి లాగాను. నీళ్ళలోకి నీలం పొగలా లేచింది. అల్ట్రామెరీన్ కాగితంలోకి ఇంకే రకం కాదు, పైపైన కూర్చుంటుంది, అందుకని ముందు అదే వదులుతుంది. బర్న్ట్ సియన్నా ఎక్కువ నిలిచింది. ఫలితం: పెంకుల వాలు ఉంది, పిట్టగోడ మెట్లు ఉన్నాయి, అంచులన్నీ నాని మెత్తబడ్డాయి, బూడిద రంగు నీలం తగ్గి లేత గోధుమకి తిరిగింది. అరుగు మీద కూర్చుని చూసిన రంగు అదే! ఇదే పరీక్ష థాలో అనే ఇంకో నీలంతో కూడా చేశాను. అది కాగితాన్ని పట్టేసి ఒక్క చుక్క కూడా వదల్లేదు. కాబట్టి ఈ పద్ధతికి రంగు ఎంపికే ప్రాణం.

భోగికి ముందు: అసలు షీటు

పెన్సిలు గీతలు తక్కువ. కంటి మట్టం, ఇళ్ళ కప్పుల వరస, బండి, ముగ్గేసే ఆవిడ.

మొదటి పూత: షీటంతా తడిపి, సూర్యుడొచ్చే వైపు నుంచి రా సియన్నా టీ అంత పలచగా. వీధి చివర దగ్గరికొచ్చేసరికి కుంచెలో నీళ్ళు మాత్రమే. గోదావరి ఉన్న చోట కాగితం తప్ప ఏమీ లేదు, చివరిదాకా ఏమీ రాదు. బల్బు చోటు కూడా ఖాళీయే. దాని చుట్టూ తడి మీదే కాస్త పసుపు ఛాయ.

రెండోది: ఆరాక ఇళ్ళ వరస. ఆ రాత్రి వదిలేసి, మర్నాడు స్నానాల గదిలో పెద్ద ట్రే పెట్టి ముంచి తీశాను. హాఫ్ షీటుని వంగకుండా రెండు చేతులతో ఎత్తడం కష్టం, ఇంకొకరు సాయం పట్టాలి. మా చెల్లెలు పట్టింది. షీటు ఇంకా పట్టుమెరుపుతో ఉండగానే మోటారు సైకిలు హెడ్‌లైటు చోట పిండిన కుంచెతో రంగు పీల్చేశాను. ఒకే స్పర్శ, కుంచె తిప్పకుండా.

మూడోది ఎడమ గోడ, నీలం సున్నం. షీటుని ఏటవాలుగా పెట్టి రంగుని నెమ్మదిగా దిగనిచ్చాను. రేణువులు అనుకున్నట్టే గుంటల్లో కూర్చున్నాయి.

రోడ్డు గురించి ఒక మాట. రోడ్డంతా తడిగా మెరిపిస్తే అది వాన వీధి అవుతుంది. మన వీధిలో ఈ వేళకి తడి ఇళ్ళ ముందు మాత్రమే ఉంటుంది, కళ్ళాపి చల్లిన మేర. ఆ తడి అంచు గుండ్రంగా, విసిరిన చేతి వాటం తెలిసేలా ఉంటుంది. దానిలోనే బల్బు ప్రతిబింబం, నిలువుగా, కింద తెగిపోతూ. మధ్యలో పొడి రోడ్డు మందకొడి బూడిద. ఈ తేడా వల్లే చూసేవాళ్ళకి వాన కాదు, పొద్దున్న అని తెలుస్తుంది.

ముగ్గుని, రంగు అంటకుండా ముందే పూసే మాస్కింగ్ ఫ్లూయిడ్‌తో కాపాడలేదు. అది తీశాక మిగిలే అంచు కత్తితో కోసినట్టుంటుంది, ఈ మంచులో అలాంటి అంచు ఎక్కడా లేదు. కింది రంగుని కప్పేసే తెల్ల గ్వాష్‌ని దాదాపు పొడిగా తీసుకుని గరుకు మీద ఈడ్చాను. ఆవిడ చేతి దగ్గర గీత స్పష్టం, అటుపక్క చుక్కలు విరిగిపోతూ. దూరం నుంచి చూస్తే వృత్తం అణిగిపోయి సన్నటి కోడిగుడ్డు ఆకారమవుతుంది గనుక పద్మం ముగ్గుని పూర్తిగా విడదీసి చూపించే పనే లేదు.

కనుమ తర్వాత

ఫోనులో ఫొటో తీసి రంగు తీసేసి నలుపు తెలుపులో చూశాను. టీ బండి ముదురు సరిపోయింది. పాల క్యాన్ల బండి మాత్రం దానితో పోటీ పడుతోంది, అందుకని దాని చక్రాల కింది భాగాన్ని తడి కుంచెతో కరిగించి రోడ్డులో కలిపేశాను. ఇప్పుడు హెడ్‌లైటు, ఒక భుజం, ఒక క్యాను మూత కనిపిస్తున్నాయి. చాలు.

మిగిలింది తీగలు. ట్రేసింగు కాగితం మీద గీసి బొమ్మ పైన పరిచి చూస్తూ గడిపాను. అన్నీ వేస్తే పైభాగం అల్లికైపోయింది. అసలు లేకపోతే వీధి ఎప్పటిదో తెలియలేదు, ఏ వందేళ్ళ కిందటిదో అన్నట్టుంది. చివరికి మూడు తీగలు ఉంచాను. స్తంభం దగ్గర ముదురు, వీధి లోపలికి వెళ్ళేకొద్దీ పలచన, రెండో ఇల్లు దాటకముందే మాయం. సన్నటి, పొడవాటి రిగ్గర్ కుంచెతో, మణికట్టు కదలకుండా భుజంతో లాగిన గీతలు. అవి ఉన్నాకే మంచుకి లోతు వచ్చిందని నా నమ్మకం. ఒకే వస్తువు దగ్గర నల్లగా మొదలై కళ్ళ ముందే తెల్లబడటం ఇంకెక్కడా అంత సూటిగా కనిపించదు.

టీ బండి ఆయనకి ఫోనులో చూపించాను. తీగల్ని వేలితో తాకి, "ఉంచేసారేటండీ," అన్నాడు, తర్వాత ఇంకాసేపు చూసి, "ఇది మన స్తంభమేనండి, ఆయ్, ఒంగిపోయింది కదా," అన్నాడు.

ఫ్రేము కట్టించేటప్పుడు గాజు బొమ్మకి తగలకుండా మధ్యలో అట్ట మౌంటు పెట్టించాలి. తగిలితే ఈ తేమకి బూజు ఖాయం. వెనక అట్ట ఆసిడ్ లేనిదై ఉండాలని కొట్టులో ముందే చెప్పి వచ్చాను. మంచు ఇంకొన్నాళ్ళు ఉంటుంది. ఈలోగా రేవు వైపు నిలబడి ఊరి వైపు చూస్తూ ఇదే వీధికి స్కెచ్చులు మొదలుపెడుతున్నాను. అటునుంచి చూస్తే సూర్యుడు ఎదురుగా పడతాడు, గోడలన్నీ నీడలోకి వెళ్తాయి. దానికి కోబాల్ట్ ఎక్కువ కావాల్సి వస్తుందేమో, ముక్కల మీద చూడాలి.